చివరి వరుస గాలి

డాక్టర్ నిఖత్ గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో కొలిచే మీటరును ముందుకు చాపి పట్టుకుని సొరంగంలో నడుస్తోంది. ఆమె వెనకాల రాజలింగు పాలకూర బుట్టతో నడుస్తున్నాడు. మీటరు మీద అంకె మారినప్పుడల్లా ఆమె భుజం మీదుగా తొంగి చూస్తున్నాడు.

"నాలుగొందల ఎనభై," అంది నిఖత్, చివరి వరుస ఇళ్ళ ముందు ఆగి. "ఇంత మంచి గాలి మా హైదరాబాద్‌లో కూడా లేదు కాకా. మరి వీళ్ళకు రోజూ తలనొప్పులెందుకు వస్తున్నాయి?"

"ఏమో మేడమ్," అన్నాడు రాజలింగు.

ఏమో కాదు. అతనికి బాగా తెలుసు.

ఎండలు యాభై డిగ్రీలు దాటిపోయిన కాలం అది. బొగ్గు తీయడం ఎప్పుడో ఆపేసిన ఆరో నంబరు బాయిలోకి మార్చి నెలాఖరున ఊరంతా దిగేది, తొలకరి పడ్డాక మళ్ళీ పైకొచ్చేది. సొరంగాలకు సున్నం కొట్టి, వరుసలుగా గదులు కట్టారు. బాయి మొగదల ఉన్న పెద్ద ఫ్యాను గాలిని లోపలికి తోస్తుంది. ఆ గాలి ఒక్కో వరుసే దాటుకుంటూ ఆఖరున చివరి వరుసకు చేరుతుంది. అందుకే ఆ ఇళ్ళు ఎవరూ కోరుకోరు. ఆలస్యంగా పేరు రాయించుకున్న ఓదెమ్మ లాంటివాళ్ళకు అవే దక్కాయి.

రాజలింగు ఆ బాయిలోనే ముప్పయ్యేళ్ళు గాలి పని చేశాడు. బొగ్గు కొట్టేవాళ్ళ వైపు గాలి మళ్ళాలంటే, పనిలేని దారులకు అడ్డంగా గుడ్డ పరదాలు కట్టాలి. ఆ కట్టేది అతనే. ఎక్కడ గుడ్డ కడితే ఎక్కడ గాలి ఆగిపోతుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఈ సంగతి మనం గుర్తుపెట్టుకుందాం, ఎందుకంటే అతను కావాలనే మరిచిపోయాడు.

రిటైరయ్యాక చేతులు ఊరుకోక, పాత టోపీ లైట్లలోంచి ఎల్ఈడీలు ఊడబెరికి అల్యూమినియం పట్టీలకు బిగించాడు. మొక్కకు ఎండ మొత్తం అక్కర్లేదు, అందులోని ఎరుపూ నీలమూ ఉంటే చాలావరకు సరిపోతుంది. మూడు ఎరుపు లైట్లకు ఒక నీలం చొప్పున పేర్చి, చెక్కపెట్టెల్లో పోసిన మట్టికి జానెడు ఎత్తున వేలాడదీశాడు. నీళ్ళకు పైకప్పు నుంచి కారే ఊటను డబ్బాలో పట్టి, సెలైన్ పైపులతో ఒక్కో మొక్క మొదట్లో చుక్కచుక్కగా వదిలాడు. పైపు మీది చిన్న చక్రం ఇటు తిప్పితే చుక్క పెరుగుతుంది, అటు తిప్పితే తగ్గుతుంది. ఇదంతా చివరి వరుసకు ముందుండే మలుపులో పెట్టాడు, అక్కడైతే చోటు ఖాళీగా ఉందని.

చిక్కంతా కరెంటుతోనే వచ్చింది. ఇంటికి రోజుకు రెండు యూనిట్లకు మించి ఇవ్వరు. అప్పుడు హైదరాబాద్ నుంచి బాయి గాలిని పరీక్షించడానికి వచ్చే శాస్త్రవేత్త నిఖత్ తన ల్యాబ్‌లో తయారుచేసిన గాలిగుడ్డ నాలుగు ముక్కలు ఇచ్చింది. చూస్తే పల్చటి చీరముక్కలా ఉంటుంది. గాలికి రెపరెపలాడినప్పుడు దాని పొరలు ఒకదానికొకటి రాసుకుని కరెంటు పుడుతుంది. పొడి జుట్టును ప్లాస్టిక్ దువ్వెనతో దువ్వితే చిటపటలాడుతుందే, అదే సంగతి. "గోడ వెంబడి వేలాడదీయండి కాకా. దారికి అడ్డంగా మాత్రం కట్టొద్దు," అని మరీమరీ చెప్పింది.

నాలుగు గుడ్డలకు ఒక మడి వెలిగింది. పైన భూమ్మీద కూరగాయలన్నీ మాడిపోతున్న రోజుల్లో, ఆ మడిలో పాలకూర నవనవలాడుతూ లేచింది. ఊరంతా వరసకట్టి చూసింది. కాకా చెయ్యి మంచిదన్నారు. అరవై ఎనిమిదేళ్ళ బతుకులో రాజలింగును ఎవరూ అంతగా మెచ్చుకోలేదు, ఆ మెప్పు అతనికి కల్లులా ఎక్కింది. ఇంకో ఇరవై గుడ్డలు తెప్పించుకున్నాడు. గోడ వెంబడి చోటు అయిపోయింది. మిగతావి దారికి అడ్డంగా కట్టాడు. మొక్కలు గాలినిస్తాయి గదా, చివరి వరుసకు ఏం లోటొస్తుందిలే అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

మరి ఈ రోజు మీటరు అంత మంచి అంకె ఎందుకు చూపించిందంటే, అదొక పాత అలవాటు. బాయి నడిచే రోజుల్లో ఆఫీసరు దిగుతున్నాడని కబురు రావడం ఆలస్యం, లోపలున్నవన్నీ సర్దేసేవారు. ఆఫీసరు పైకెక్కగానే మళ్ళీ మామూలే. అందులో తప్పుందని ఎవరికీ తోచేది కాదు, అదీ పనిలో భాగమే. నిఖత్ వస్తోందని ముందురోజు తెలియగానే రాజలింగు చేతులు వాటంతటవే అడ్డంగా కట్టిన గుడ్డలన్నీ విప్పి, మడతపెట్టి మంచం కింద తోసేశాయి.

ఓదెమ్మ కోడలు స్వరూపకు ఏడో నెల. ఆ నెలలో రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయింది. నిఖత్ ఆమెను పలకరించి, కాసేపు ఆలోచించి, "గాలిలో లోపం లేదు కాబట్టి రక్తం తక్కువై ఉంటుంది. ఆస్పత్రిలో చూపించండి. ఈలోగా ఆకుకూర ఇంకా ఎక్కువ పెట్టండి," అంది.

ఓదెమ్మ రాజలింగుకు రెండు చేతులూ జోడించింది. "నువ్వు మా పాలిట దేవునివే అన్నా. ఇంకింత ఎక్కువ పండియ్యరాదే."

అప్పుడైనా చెప్పాల్సింది. సిగ్గుతో భూమిలోకి దిగిపోవాలనిపిస్తుందంటారు. అతను అప్పటికే మూడొందల అడుగుల కింద ఉన్నాడు, ఇంకెక్కడికని దిగుతాడు? బుట్ట అక్కడ పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా వచ్చేశాడు.

కూర ఎక్కువ కావాలంటే వెలుగు ఎక్కువ కావాలి. విప్పినవి మళ్ళీ కట్టి, మరో పన్నెండు గుడ్డలు తెప్పించి అవీ అడ్డంగా కట్టాడు.

పది రోజుల తర్వాత ఓ పొద్దున, కూర ఇవ్వడానికి ఓదెమ్మ ఇంటికి వెళ్ళాడు. స్వరూప చాప మీద పడుకుని నోటితో గాలి పీలుస్తోంది. ఓదెమ్మ దేవుడి గూటి ముందు కూర్చుని విసుక్కుంటోంది.

"నూనెల కల్తీ చేస్తున్నరన్నా. ఎన్నిసార్లు ముట్టిచ్చినా దీపం నిలుస్తలేదు."

రాజలింగు గూట్లోకి చూశాడు. మంట గోరంతై వత్తిని పట్టుకుని కునుకుతోంది. అతను పనిలో చేరిన మొదటి రోజు కూలీల మీది పెద్ద, సర్దారు చెప్పింది ఒకటే మాట, దీపం కుంగితే గాలి చచ్చినట్టేనని, వెంటనే మనుషుల్ని బయటికి తియ్యమని.

"నూనె మంచిదే చెల్లే. నేనే మంచోణ్ణి గాదు. బిడ్డను లేపు, అందరూ ముందటి వరుసకు పోండ్రి, జల్ది!"

మలుపుకు పరుగెత్తి గుడ్డలన్నీ పీకేశాడు. మడుల మీది లైట్లు టపటపా ఆరిపోయాయి. గాలి అతని చెవుల పక్క నుంచి చివరి వరుసలోకి రివ్వున దూసుకుపోయింది.

నిఖత్‌ను పిలిపించి, చివరి వరుస వాళ్ళందరి ముందు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "మీరొచ్చిన నాడు గుడ్డలిప్పి దాసిపెట్టిన మేడమ్. మొక్కలు గాలిస్తయి గదా అనుకున్న."

నిఖత్ మడుల వైపు ఒకసారి చూసింది. "మీ మడులన్నీ కలిపినా ఒక్క మనిషి ఊపిరికి చాలవు కాకా," అంది మెల్లగా. "ఆ పిల్లకు రక్తం తక్కువని చెప్పింది నేను."

రాజలింగు తల వంచుకుని నిలబడ్డాడు. ఎవరైనా చెంప పగలగొడితే బాగుండునని ఎదురుచూశాడు. దుమ్మెత్తిపోసినా బాగుండేది. చివరికి వెనక నుంచి ఒక గొంతు అడిగింది, "మరి కూరెట్ల?"

రాజలింగు మళ్ళీ ఒక్క గుడ్డా కట్టలేదు, మూడో రోజుకు మడులు వాడిపోయాయి. ఆ పొద్దున జనం బాయి మొగదల వైపు పోతున్న అలికిడైతే రాజలింగు పైకి వెళ్ళి చూశాడు. చివరి వరుస వాళ్ళు ఇరవై రెండు మంది రేకుల పందిరి కింద చాపలు పరుచుకుని కూర్చున్నారు. మిగతా వరుసల్లో కాలు పెట్టే చోటు లేదు. వడగాడ్పు మొహాలను మాడ్చేస్తోంది. స్వరూప నెత్తి మీద తడి తువ్వాల వేసుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఉంది.

"రోజుకు ఆరు గంటలు మేమీడ కూసుంటం. మా వరుస ఖాళీగుంటది, నువ్వు గుడ్డలు కట్టుకో," అంది ఓదెమ్మ.

"వద్దు చెల్లే. నేను కట్ట."

"కట్టకుంటే మడులు ఎండుతయ్. పిల్లకు పచ్చటి ఆకు ఇంకెవలు పెడ్తరు? మా గాలి దొంగతనంగ తీసుకుంటినని గదా నీ బాధ? గిప్పుడు మేమే ఇస్తున్నం. తలెత్తు అన్నా."

రాజలింగు ముప్పై ఆరు గుడ్డలూ భుజాన వేసుకుని లోపలికి దిగాడు. తల మాత్రం ఎత్తలేకపోయాడు.