మొగలిరేకు గుర్తు

పొద్దున్నే ఆటోవాడు కొత్త బోర్డును వాకిట్లో గోడకి ఆనించి వెళ్లాడు. బరంపురంలో తాతల నాటి పట్టుబట్టల దుకాణం మూతపడ్డాక వెంకటరమణమూర్తికి మిగిలిన ఆశ ఈ ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీ ఒక్కటే. సాయంత్రమే ప్రారంభం. అతనికి కంటి మీద కునుకు లేక ఎన్నాళ్లయిందో భార్య వాసవీకుమారికే తెలుసు.

బోర్డు మీది గుర్తు ఆమే గీసింది. "రంగులొద్దు, హంగులొద్దు. ఆకో పువ్వో గియ్యి. సూడగానే జనానికి నమ్మకం కుదరాల" అన్నాడు మూర్తి. వాసవి పుట్టిల్లు ఛత్రపూర్ దగ్గర. మొగలిపూల అత్తరు తీసే బట్టీ వాళ్లది. ఆ పువ్వే వాళ్లకి అన్నం పెట్టింది. అందుకే ఎంతో ప్రేమగా, నాలుగు గీతల్లో మొగలిరేకు గీసింది.

అత్తగారు వరహాలమ్మ కుంకుమ భరిణె తెచ్చి, బోర్డు ముందు ఆగిపోయింది.

"ఏటే ఇది? మొగలిరేకా?"

"అవునత్తయ్యా."

"శివుడి దగ్గర దొంగసాచ్చికం సెప్పిన పువ్వే అది! అందుకే కదే, ఆయన పూజకి పనికిరాకుండా పోయింది. పదిమంది డబ్బు దాసే సోట దాన్ని పెడతావా?"

మూర్తి ఒంటికాలి మీద లేచాడు.

"నా కొంప ముంచావు! సాయంత్రం నలుగురూ ఏటనుకుంటారు?"

"గుర్తు సెరిపెయ్యొచ్చండి" వాసవి ఏడుస్తూనే అంది. "మరి మీ మాటో? ఏడాదికి రెట్టింపు ఇస్తామని అందరికీ సెప్తున్నారు కదా. అదెక్కణ్నుంచి వస్తాదండి?"

అప్పుడే పనిమనిషి జగ్గమ్మ కొంగుముడి విప్పుతూ వచ్చింది.

"బాబుగోరూ, బోణీ నాదే అవ్వాల. ఇంటికి రేకులేయించుకుందామని దాసుకున్న డబ్బులివి."

వరహాలమ్మ కొడుకు కళ్లలోకి చూసింది. "రమణా, మీ నాయిన మీద ఒట్టేసి సెప్పు. దీని డబ్బు తిరిగిస్తావా?"

మూర్తి బోర్డు పక్కనే కూలబడి బావురుమన్నాడు. "లేదమ్మా. కొత్తగా సేరినోల్ల డబ్బే పాతోల్లకియ్యాల. దుకాణం పోయాక నాకింకేటీ తోచలేదమ్మా!"

జగ్గమ్మ బిక్కమొహం వేసుకుని నిలబడింది.

"ముడి మల్లీ ఏసుకో జగ్గమ్మా" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "నాకియ్యకు. ఎవలికీ ఇయ్యకు."

వరహాలమ్మ కుంకుమ బోర్డుకి పెట్టలేదు. కోడలి నుదుట దిద్దింది.

"నీ పువ్వు ఇయ్యేల నిజమే సెప్పించిందే, తల్లీ."

రేపెలా గడుస్తుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మూర్తి లేచి, బోర్డును వాకిట్లోంచి తీసెయ్యడానికి ఒక పక్క పట్టుకున్నాడు. వాసవి కన్నీళ్లతోనే రెండో పక్క పట్టుకుంది.