ఖాళీ అని రాసిన బయలు

"మ్యాపులో ఖాళీ స్థలమని రాసినావే, మరి ఈ పెంటికలు ఆకాశం నుంచి రాలినాయా?"

పులివెందుల శివారు బయలులో నిలబడి లక్ష్మీప్రియ యువరాజ్‌ను అడిగిన మొదటి మాట ఇది. ఆమె కొత్తగా చేరిన వార్డు ప్లానింగ్ సెక్రటరీ, జమ్మలమడుగు పిల్ల. అతను పట్టణ పునరుద్ధరణ ప్లాను తయారుచేసే కన్సల్టెన్సీలో సర్వేయరు. ప్లానులో ఆ బయలుకు పచ్చరంగు పూసి పార్కు, వాకింగ్ ట్రాకు పెట్టేశారు.

"యాడివో రెండు మేకలు వచ్చి పోయింటాయి మేడం," అన్నాడు నేలచూపులు చూస్తూ.

పెంటిక చూసి గొర్రెదో మేకదో చెప్పగల మనిషి ఆడిన అబద్ధం అది. ప్రతి శుక్రవారం తెల్లవారుజామున అక్కడ గొర్రెల సంత మొదలై ఏడింటికల్లా ముగుస్తుంది. లింగాల దగ్గరి పల్లె నుంచి తండ్రి యల్లయ్య వెంట గొర్రెలు తోలుకుంటూ యువరాజ్ ఎన్నోసార్లు వచ్చాడు. ప్రొద్దుటూరు హాస్టల్లో 'గొర్రెలోడు' అన్న పిలుపు పడ్డాక మానేశాడు. ఈ బయలు సర్వే ఫారం నింపిన రోజు 'ప్రస్తుత వినియోగం' గడి దగ్గర పెన్ను ఆగింది. సంత అని రాస్తే నీకెట్లా తెలుసని బాస్ అడుగుతాడు. తను కొలతలు తీసింది ఎలాగూ మంగళవారమే కదా అని ఖాళీ అని రాసి పడేశాడు.

పదింటి బస్సు దిగే లక్ష్మీప్రియ ఆ సంతను ఎప్పుడూ చూడలేదు, అతని మాటే నమ్మింది. రెండు నెలలు ఇద్దరూ కలిసి వీధులు కొలిచారు. అరుదుగా వాన పడిన ఒక మధ్యాహ్నం ఒకే గొడుగు కింద నడిచారు. టేపు పట్టుకోవడం తప్ప ఏం చేతనవుతుందని ఆమె ఏడిపిస్తే, గొడుగు పట్టుకోవడమని అతనన్నాడు. మీ నాయన ఏం చేస్తాడని అడిగితే వ్యవసాయమని చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ తన మీద తనకే రోత పుట్టింది.

ప్లాను మీద జనం అభ్యంతరాలు వినే సభ రోజు భుజాన గొంగడితో ముందుకొచ్చి మైకు పట్టుకున్న ముసలాయన యల్లయ్యే. స్క్రీను పక్కన నిలబడ్డ కొడుకును చూశాడు. చూపు తిప్పేసుకున్నాడు.

"సారూ, ఆ బయలు ఖాళీ అని రాసినారంట. పార్కు మేము వద్దనం. మా గొర్రెల్ని యాడ అమ్ముకోవాల్నో అదీ రాయండి."

కన్నతండ్రి తనను కూడా సారూ అన్నాడు. యువరాజ్ ముఖం మాడిపోయింది.

అభ్యంతరం రాతలో ఇవ్వాలని, ఇంట్లో చదువుకున్నవాళ్లు లేరా అని లక్ష్మీప్రియ మెల్లగా అడిగింది.

"ఒగ కొడుకున్నాడమ్మా. శానా దూరంలో ఉన్నాడు."

కొడుకు మూడు గజాల దూరంలో ఉన్నాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది అతనికి. బాస్ తర్వాతి మనిషి పేరు పిలవబోతుంటే అడుగు ముందుకేశాడు.

"ఆ కొడుకును నేనే. ఆడ సంత జరుగుతాదని నాకు తెలుసు. తెలిసే ఖాళీ అని రాసినా."

బాస్ అందరి ముందూ దులిపేశాడు. అది పెద్దగా నొప్పించలేదు. బయట మెట్ల మీద లక్ష్మీప్రియ అన్న మాటే గుచ్చుకుంది.

"గొర్రెలు కాసే ఇంట్లో పుట్టిన సంగతి దాచినందుకు కాదు నా కోపం. ఆ పెద్దాయన నిన్ను కాపాడతాంటే అంతసేపు నిలబడి చూసినావే, దానికి."

తర్వాతి శుక్రవారం ఆమె ముందురోజే వచ్చి తెలిసినవాళ్లింట్లో ఉండి, తెల్లవారకముందే సంతకు వచ్చింది. యువరాజ్ అప్పటికే కొత్త సర్వే ఫారం పట్టుకుని మందల మధ్య తిరుగుతున్నాడు. ఆమె చేతిలో మార్చిన మ్యాపు ఉంది. నీళ్ల తొట్టి, చుట్టూ వేపచెట్లు, సంతకు శుక్రవారం, పిల్లల ఆటకు తక్కిన రోజులు. దాన్ని ముందు యల్లయ్యకు చూపించింది.

"ఇది సరిపోతాదా మామా?"

ఆ సీమలో పెద్ద మగవాళ్లందరూ మామలే. అయినా ఫారం మీద యువరాజ్ పెన్ను ఆగింది. యల్లయ్య ఆమెను చూశాడు, కొడుకును చూశాడు.

"వీడు నన్ను నలుగుర్లో నాయనా అని పిలిచి శానా ఏండ్లాయ తల్లీ. ముందు వాన్ని పిలవనీ."

యువరాజ్ తల దించుకున్నాడు. బేరగాళ్లు, పాత చుట్టాలు, అందరూ చూస్తున్నారు.

"నాయనా," అన్నాడు.

గొర్రెల అరుపుల్లో ఎవరికీ వినపడలేదు. మళ్లీ, ఈసారి సంతంతా తిరిగి చూసేంత గట్టిగా పిలిచాడు. యల్లయ్య గొంగడి అంచుతో కళ్లు తుడుచుకుంటుంటే, లక్ష్మీప్రియ ఆయన పక్కకు చేరి రెండోసారి మామా అంది.