తార్నాక సర్వర్‌లో పదకొండు పేర్లు

"లాలాగూడలో మన మనిషిని చంపేసిన్రు. లీక్ మనలోనే ఉన్నది," అన్నాడు చీఫ్ ఇన్నయ్య. "మిగిలిన పదకొండు మంది ఏజెంట్ల పేర్లు నీ ఇంటి సర్వర్‌లో దాచు. అవి పోతే పదకొండు శవాలు."

ఏజెంట్ కమలాకర్ తన తార్నాక ఫ్లాట్‌లో పాత సోలారిస్ ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి పుట్టిన మూడింటినీ సర్వర్ మీద నడిపి చూశాడు. ఓమ్నిఓఎస్ నిలకడైనది, సపోర్ట్ ఏళ్ల తరబడి దొరుకుతుంది. ఓపెన్ ఇండియానాకి చక్కటి డెస్క్‌టాప్ ఉంది. స్మార్ట్ఓఎస్ పెన్‌డ్రైవ్ నుంచి లేచి మెమరీలోనే నడుస్తుంది. ఎవడైనా సిస్టమ్‌లో ఏదైనా దూర్చినా రీబూట్‌తో మాయం, డిస్కుల్లోని ఫైళ్లు మాత్రం భద్రం. దాన్నే పెట్టాడు.

ఆపైన వల పన్నాడు. ఇన్నయ్యకి ఓమ్నిఓఎస్ అని చెప్పాడు. టెక్నీషియన్ రవికాంత్‌కి ఓపెన్ ఇండియానా అన్నాడు. దాడి ఏ సిస్టమ్‌కి తగ్గట్టు వస్తే, ఆ పేరు విన్నవాడే దొంగ. నిరోషకి మాత్రం నిజమే చెప్పాడు, అదీ గంటసేపు, మురిసిపోతూ. నాలుగేళ్లుగా పక్కన నిలబడి తూటాలు తప్పించుకున్న ఏజెంట్ ఆమె. పైగా వచ్చే నెల వాళ్లిద్దరి పెళ్లి. ఆమెకి పరీక్షేమిటి?

సోమవారం పదకొండింటికి క్యాంపస్ క్యాంటీన్‌లో నిఘా డ్యూటీ. రీసెర్చ్ స్కాలర్ వేషంలో నిరోష, ముందు ల్యాప్‌టాప్. ప్రొఫెసర్ వేషంలో కమలాకర్, చేతిలో చాయ్. అతని వాచ్ వణికింది. సర్వర్‌లోకి ఎవరో చొరబడ్డారు. పేర్ల ఫైలు బయటికి పోతోంది, 71 శాతం. పంపుతున్న ప్రోగ్రామ్ స్మార్ట్ఓఎస్ కోసమే రాసింది.

ఆ పేరు విన్నది నిరోష ఒక్కతే. ఛీ, ఎంత పిచ్చోణ్ణి!

"నిరోషా... నువ్వా?"

"సారీ కమల్. నేను మొదటి నుంచీ ఆ లాలాగూడ హంతకుల మనిషినే."

ఫోన్‌లోంచి ఆపబోయాడు. పాస్‌వర్డ్ మార్చేసింది. 88 శాతం. ఇంటి ఓనర్‌కి ఫోన్ కొట్టాడు.

"కాశమ్మా! మా మెయిన్ ఆఫ్ చెయ్, జల్ది!"

"మొన్న ఆపితే గంత లొల్లి చేస్తివి?"

పొద్దంతా గుయ్యిమనే ఆ మిషనంటే కాశమ్మకి మంట. కమలాకర్ గడప దాటితే చాలు, మెట్ల కింద మెయిన్ ఆపేసేది.

"తప్పయింది! నీ కాళ్లు మొక్కుత, ఆపు!"

"గట్ల అడుగు."

98... 99. అంకె అక్కడే ఆగింది. ఫైలు పూర్తిగా అందకపోతే తెరుచుకోదు.

నిరోష నవ్వింది. "కరెంట్ వస్తే నా ప్రోగ్రామ్ మళ్లీ మొదలైతది."

"కాదు. రీబూట్ అయితే అది ఉండనే ఉండదు. దీన్నే ఎందుకు పెట్టిన్నో గంటసేపు చెప్పిన." కమలాకర్ ఆమె ల్యాప్‌టాప్ మూసేశాడు. "నువ్వు పేరొక్కటే విన్నవ్."

ఆమె మొహం పాలిపోయింది. కమలాకర్ సైగ చేయగానే, నిఘాకి తోడొచ్చి పక్క టేబుల్ దగ్గర ఇడ్లీ తింటున్న మఫ్టీ పోలీసులు లేచి వచ్చారు.

సాయంత్రం ఇన్నయ్య గుర్రుమన్నాడు. "నాక్కూడా అబద్ధం చెప్పినవా?"

"డ్యూటీ సార్."

"సరే గానీ, మా ఇంట్ల కూడా సర్వర్ పెడదామనుకుంటున్న. మూడింట్ల ఏది మంచిది?"

"ఏదైనా పర్లేదు సార్," అన్నాడు కమలాకర్, పెళ్లి కార్డులు చించుతూ. "మెయిన్ దగ్గర కాశమ్మ ఉండాలె."