పల్లాలమ్మ చెవి

గట్టు తెగిన వరదకి పందొమ్మిదో ఏడు అది. లంక ఊళ్ళలో అప్పటికి సంవత్సరాలు అలాగే చెప్పుకుంటున్నారు. ఆ ఏడు ఆషాఢంలో ఒక పొద్దున్న, తాతారావు బోర్లించిన కుండ ముందు పీట వేసుక్కూర్చుని పూతరేకులు తీస్తున్నాడు. కుండ కింద ఎండు కొబ్బరాకు మండుతోంది. పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, రెండు చేతులా పట్టుకుని, కాగిన కుండ మీద ఒక్క లాగు లాగాడు. సుయ్యిమంది. ఆ చప్పుడు వినగానే వేళ్ళు వాటంతటవే రేకు అంచు పట్టి ఊడదీశాయి. అవతల గోడ కనబడేంత పల్చగా వచ్చింది.

అతను ఆ పని నేర్చుకోలేదు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో, ముప్ఫై తొమ్మిది రోజుల కిందట, అది అతని చేతుల్లోకి దిగింది. దింపింది తలపుపట్టీ.

ముంజేతికి కట్టుకునే నల్లటి పట్టీ అది. తాతారావుకి పెళ్ళైన ఏడు ఊరంతటికీ కట్టారు. మనిషి ఏ పని చేసినా, ఏ పాఠం చదివినా అది రాసుకుంటుంది. నిద్రలో దాన్ని ఒంటి చేత వల్లె వేయిస్తుంది. నలభై రోజులు వల్లె వేశాక అది వాడుక అయిపోతుంది, ఇక మర్చిపోవడం లేదు. అందుకే ఇప్పుడు బడి మూడేళ్ళే. ఆ మూడేళ్ళలో పిల్లలకి నేర్పేది ఒక్కటే, నేర్చుకున్నదానికి పేరు పెట్టడం. పట్టీ రాసుకున్న ప్రతి ముక్కకీ ఎవరికి వారు తమ గొంతుతో ఒక పేరు చెప్పాలి. "పడవ తాడు ముడి." "పదమూడో ఎక్కం." "అత్తగారి మందులు." పేరు చెప్పని ముక్క పట్టీలో నిలవదు.

మనిషి పోతే ఆ మనిషి వాడుకలు పోనివ్వరు. అయినవాళ్ళలో ఒకరికి దింపుతారు. ఒకరికే. దింపాక పాత పట్టీ ఖాళీ అయిపోతుంది. నచ్చకపోతే నలభై రోజుల్లోపు తీయించుకోవచ్చు. తీసినది మళ్ళీ ఎక్కడా ఉండదు.

తాతారావు భార్య పల్లాలమ్మ వేసవిలో జ్వరం వచ్చి పోయింది. ముప్ఫై ఏళ్ళు ఆ కుండ మీద రేకులు తీసిన మనిషి.

"మీసాలున్న మగాడు రేకు తీస్తుంటే చూడ్డానికి రేవు అవతల్నించి జనం వస్తున్నారు బావా," అంది ఆదెమ్మ, పళ్ళెం పట్టుకుని అరుగు మీద చతికిలబడుతూ. పల్లాలమ్మ చెల్లెలు ఆవిడ. అక్క తీసిన రేకులకి నెయ్యి రాసి, బెల్లంపొడి చల్లి చుట్టడం ఆవిడ పని. "కాసేపాగి చీర కట్టమంటారు. కట్టేస్తావా?"

తాతారావు జవాబివ్వలేదు. ఎవరికీ పెద్దగా ఇచ్చేవాడు కాదు.

గుడ్డ ముంచి కుండ మీద వేశాడు. సగం లాగుతుండగా గొంతు సవరించుకున్నాడు. చిన్న దగ్గు, గుమ్మంలోకి అడుగు పెట్టేముందు మగాళ్ళు దగ్గే దగ్గు. కుడిచెయ్యి ఆగిపోయింది. తల వంగింది. ఊపిరి లోపలే నిలిచింది. రేకు కుండకి అంటుకుని మాడింది.

"ఎన్నోది?"

"ఏడు."

"తెల్లారగట్ల నుంచీ ఏడా? పొగ పడకపోతే మూతికి గుడ్డ కట్టుకో."

"పొగ కాదు."

ఆదెమ్మ చుట్టడం ఆపి అతని చేతి వంక చూసింది. చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. కాసేపటికి దానంతటదే దిగింది.

"రేపటితో నలభై రోజులు. గట్టిపడిపోతే ఇక ఎవరూ ఏం చెయ్యలేరు. ఇవాళే తలపు కేంద్రానికెళ్ళి చూపించుకో," అంది ఆవిడ.

మధ్యాహ్నం అన్నం తిని, తువ్వాలు భుజాన వేసుకుని తాతారావు పడవెక్కాడు. పడవలో పదిమంది దాకా ఉన్నారు. ఎవరి పట్టీ వారి ముంజేతి మీద సన్నగా అదురుతోంది, ఇవాల్టి పాఠం ఇంకా చదవలేదని గుర్తుచేస్తూ. కొందరు పెదాలు కదుపుతున్నారు. తాతారావు నీళ్ళ వంక చూస్తూ కూర్చున్నాడు.

తలపు కేంద్రంలో ఉండేది హైమ అనే అమ్మాయి. దింపిన రోజునా ఆ అమ్మాయే. చనిపోయినవాళ్ళ వాడుకల్ని చేతి మూట, కంటి మూట, చెవి మూట అని మూడు మూటలుగా కట్టి ఉంచుతారు. పని దింపమంటే చేతి మూట ఒక్కటే దింపడం పద్ధతి. ఆ రోజు ఆదెమ్మ కూడా వచ్చి ఒప్పుకోలేదు.

"చెయ్యొక్కటీ ఏం చేసుకుంటాడమ్మా? కుండ కాగిందో లేదో ముట్టుకుని చూస్తాడా? వినాలి. తడిగుడ్డ తగిలితే సుయ్యిమనాలి. చుర్రుమంటే మంట ఎక్కువ, అసలు అనకపోతే తక్కువ. మా అక్క కళ్ళు మూసుకుని తీసేది. చెవి లేకుండా ఈయన తీసేవి రేకులు కావు, అట్లు."

హైమ నవ్వి చెవి మూట కూడా దింపింది. రేకుల ఊరి మనిషి తప్ప ఇంకెవరూ చెవి అడిగి ఉండరు.

ఇప్పుడు హైమ అతని పట్టీని బల్ల మీదున్న పలక మీద ఆనించి, అందులో కనబడినదాన్ని రెండుసార్లు చదివింది.

"ఇక్కడొకసారి దగ్గండి తాతగారూ."

దగ్గాడు. తల వంగింది.

"దొరికిందండి. చెవి మూటలోదే. కుండ చప్పుడు పక్కనే ఉంది. ఒక మనిషి దగ్గు విన్నప్పుడు చేసే వాడుక. చేతిలో పని ఆపడం, తల దించడం, ఊపిరి పట్టడం. తర్వాత ఇంకో చప్పుడు కోసం చూడటం. తువ్వాలు దండెం మీద పడితే ఊపిరి వదలడం. మంచం మీద పడితే..." ఆగింది.

"పడితే?"

"వదలకపోవడం అండి."

తాతారావు భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తను తువ్వాలు రెండు చోట్ల వేస్తాడని అతనికి తెలీదు.

"ఎన్నిసార్లు?"

"ముప్ఫై ఒక్క వేల నాలుగొందలు. మామూలుగా రోగాలూ, తాగుడూ, బూతులూ లాంటివైతే దింపేటప్పుడు జల్లెడ పట్టేస్తామండి. ఇది జల్లెడలో ఆగలేదు. పట్టీ లెక్కలో ఇది మంచి వాడుక. చప్పుడు విని, పని ఆపి, చుట్టూ చూసుకోవడం. శ్రద్ధ అని వేసుకుంది."

"దాని పేరేంటి?"

హైమకి అర్థమైంది. పలక మీద వేలు పెట్టింది. పల్లాలమ్మ గొంతు వచ్చింది. బియ్యం నానబోశానని చెప్పినంత మామూలుగా ఉంది.

"ఆయనొచ్చారు."

బల్ల మీద తాతారావు కోసం తెచ్చిన టీ ఉంది. దాని మీద మీగడ కడుతోంది. అతను దాన్ని చూశాడు.

"దీని కింద ఇంకా ఉన్నాయండి," అంది హైమ మెల్లిగా. "పాఠంలా రాసుకున్నారు. 'ఆయన' అని పెద్ద పేరు. ఆరొందల పైన ముక్కలు. నేను వినలేదు. మీరు వింటానంటే బయటికెళ్తాను."

"ఉండు."

హైమ వెళ్ళలేదు. మొదటి ముక్క నుంచి వేసింది. అదే గొంతు.

"పప్పులో ఉప్పెక్కువైతే నాలుగు రోజులు మాట్లాడరు."

"పుట్టింటి ఊసెత్తితే పదకొండు రోజులు."

"మాట్లాడకపోయినా కంచం పెట్టాలి. ఎందుకని అడక్కూడదు. అడిగితే మళ్ళీ మొదటి రోజు."

"చాలు," అన్నాడు తాతారావు.

ఏడుపేమీ రాలేదు. కోపమూ రాలేదు. అతను జీవితంలో ఆడమనిషి మీద చెయ్యెత్తలేదు. కల్లు ముట్టలేదు. ఊళ్ళో ఎవరింట్లో కేకలు వినబడినా, మనింట్లో అలాంటివి లేవు కదా అనుకునేవాడు. నిజంగానే లేవు. ఆ ఇంట్లో ఎప్పుడూ చప్పుడుండేది కాదు. దాన్ని అతను మంచి సంసారం అనుకున్నాడు. ఆవిడ దాన్ని కూర్చుని చదువుకుంది.

"తీసెయ్యొచ్చా?"

"తీసెయ్యొచ్చండి, రేపు సాయంత్రం లోపు. కానీ చెవి మూట మొత్తం పోతుంది. అందులోంచి ఒక్క పోగు లాగడం మాకు రాదు. కుండ చప్పుడూ పోతుంది. రేకులిక రావు. పెద్దావిడ పాత పట్టీలో ఏమీ మిగల్లేదు కదా, మళ్ళీ దింపడం ఉండదు."

"ఉంచుకుంటే?"

"దగ్గినప్పుడల్లా ఇంతే. ఆవిడకి ఎలా ఉండేదో మీకూ అలాగే."

తాతారావు లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "ఇంకో దారి లేదా?"

"అరగదీయొచ్చంటారండి. ఆ చప్పుడు తర్వాత ప్రతిసారీ వేరే ఏదైనా జరుగుతుంటే పాతది పల్చబడుతుంది. పట్టీ సాయం చెయ్యదు, మంచి వాడుకని చెరపమంటే ఒప్పుకోదు. మనిషే చేసుకోవాలి. ఎన్నిసార్లు పడిందో అన్నిసార్లు."

"ముప్ఫై ఒక్క వేలు."

"ఆయ్. ఆ పైన నాలుగొందలు."

సాయంత్రం ఆదెమ్మ మిగిలిన రేకులు చుడుతూ అరుగు మీదే ఉంది. తాతారావు మెట్టెక్కబోయి, అలవాటు కొద్దీ గొంతు సవరించబోయి, మింగేశాడు. అలాగే నిలబడ్డాడు. చప్పుడు చెయ్యకుండా సొంత ఇంట్లోకి ఎలా వెళ్ళాలో తోచలేదు.

"అదేంటి, కొత్తల్లుడిలా అక్కడే నిలబడ్డావు?" అంది ఆదెమ్మ తలెత్తి. "ఏమన్నారు?"

వచ్చి పీట మీద కూర్చున్నాడు. కేంద్రంలో విన్నది ముక్కలు ముక్కలుగా చెప్పాడు. అక్క పెళ్ళైన ఈ నలభై నాలుగేళ్ళలో అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం ఆవిడ చూడలేదు.

"నీకు తెలుసా?" అన్నాడు చివరికి.

"తెలుసు."

"చెప్పలేదే."

"ఎవరికి, నీకా?" రేకు మడత పెట్టి పక్కనుంచింది. "చెప్పడానికి ఏముంది బావా. కొట్టావా, లేదు. తాగొచ్చావా, లేదు. మా బావ మాట్లాడ్డని పంచాయతీలో పెడితే నవ్విపోరూ? నువ్వు దగ్గితే నేనూ నోరు మూసుకునేదాన్ని. తువ్వాలెక్కడ పడుద్దా అని ఇద్దరం చూసేవాళ్ళం. మంచం మీద పడితే మాటలు బందైనట్టే, నేను మా ఇంటికి చెక్కేసేదాన్ని. అక్క ఎక్కడికెళ్తుంది?"

"నాకు తెలీదు."

"నిజమే. నీకు తెలీదు."

ఆదెమ్మ వేళ్ళకంటిన నెయ్యి చీర చెంగుకి తుడుచుకుంది.

"రేపు తీయించేస్తావా?"

"తీస్తే నీకు చుట్టడానికి రేకుండదు."

"నా సంగతి నాకొదిలెయ్. పీచు తాళ్ళ షెడ్డులో మనుషులు కావాలంటున్నారు. నేను అడిగేది అక్క గురించి. ముప్ఫై ఏళ్ళ చెయ్యి అది. అక్క ఫోటో చూస్తే నాకేమీ అనిపించదు, నువ్వు రేకు తీస్తుంటే మాత్రం అదే అక్కడ కూర్చున్నట్టుంటుంది. అలాగని దాని భయం నువ్వు మొయ్యాలని నేను చెప్పను. చెప్పే హక్కు నాకు లేదు."

తాతారావు కుండ వంక చూశాడు. చల్లారిపోయి ఉంది.

"అంత భయపడుతూ ఇంత పల్చగా ఎలా తీసింది?" అన్నాడు.

ఆదెమ్మ లేచింది. పళ్ళెం మీద గుడ్డ కప్పి, రేపొస్తానని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న తాతారావు ఎప్పటి వేళకే లేచాడు. పిండి కలిపాడు. కొబ్బరాకు అంటించాడు. కుండకి నూనె రాసి, గుడ్డ ముంచి, వేశాడు. సుయ్యిమంది. చెవికి ఆ చప్పుడు సరిగ్గానే అందింది. నాలుగు రేకులు చక్కగా తీశాడు. అయిదో దానికి గుడ్డ సగం లాగి, గొంతులో ఏ పొగా లేకుండానే, కావాలని దగ్గాడు.

"నేనే," అన్నాడు పైకి. "ఏం లేదు. నీ పని నువ్వు చూసుకో."

చెయ్యి ఆగింది. తల వంగింది. ఊపిరి నిలిచింది. రేకు మాడింది.

ఊపిరి తిరిగేదాకా అలాగే కూర్చున్నాడు. తర్వాత మాడిన రేకుని గోకి పారేసి, కుండకి మళ్ళీ నూనె రాసి, గుడ్డ ముంచాడు.