తోకచుక్కను కొలవని రోజు

ఆ అమ్మాయి మా షాపులోకి వచ్చేసరికి నిలువునా తడిసిపోయి ఉంది. గొడుగు లేక కాదు. ఉన్న గొడుగును ఒక అట్టపెట్టెకు పట్టి, తను మాత్రం వానలో నడిచొచ్చింది.

"ఏముందండీ అందులో, పసిపాపా?" అన్నాను.

"మా నాన్న," అంది పెట్టెను మెల్లగా బల్ల మీద పెడుతూ.

నా ముఖం చూసి ఫక్కున నవ్వింది. "భయపడకండి. మా నాన్న చేతిపని అని నా ఉద్దేశం. ఆయన ఇంట్లో హాయిగా క్రికెట్ చూస్తున్నారు."

పెట్టెలోంచి తోకచుక్క బయటికొచ్చింది. నా చిన్నప్పుడు బొమ్మల పుస్తకాల్లో ఆకాశమంతా తన సొంతమన్నట్టు ఎగిరిన సూపర్‌హీరో. భుజాల మీంచి వేలాడే నీలం కేప్, వెండి బూట్లు, ఎప్పుడూ ఎవరినో అనుమానిస్తున్నట్టు కాస్త పైకి లేచిన ఎడమ కనుబొమ. జానెడు కూడా లేని ఈ బొమ్మ కోసం పెద్దపెద్ద ఆఫీసర్లు కూడా చిన్నపిల్లల్లా పోట్లాడుకుంటారు. బొమ్మ అసలుదా నకిలీదా, ఏ స్థితిలో ఉంది అన్నది తేల్చి రిపోర్టు రాయడం నా ఉద్యోగం. షాపు మా పిన్నిది. ఆ రోజు పంటి నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్తూ షాపు ముద్ర నా చేతిలో పెట్టింది. అది ఆవిడ చేసిన తప్పు. మిగతావన్నీ నావే.

"నాన్న బొమ్మల ఫ్యాక్టరీలో రంగులు వేసేవారండీ. మొట్టమొదటి తోకచుక్కకి రంగులు వేసింది ఆయనే. దీన్ని చూసే మిగతా వేల బొమ్మలకి మెషీన్ మీద రంగు కొట్టారు. కానీ పెట్టె మీద కంపెనీ పేరే గానీ ఆయన పేరు ఎక్కడా లేదు. ఆ ముఖం నాదేనని ముప్పై ఏళ్లుగా చెబుతున్నారు. ఫ్రెండ్స్ అంతా కోతలనుకుంటారు."

"మరి ఇప్పుడు?"

"శనివారం బొమ్మలు సేకరించేవాళ్ల క్లబ్బు ప్రదర్శన. మీ రిపోర్టు ఉంటే బొమ్మ పక్కన కార్డు మీద నాన్న పేరు రాస్తామన్నారు. ఆయన అప్పుడే చొక్కా ఇస్త్రీ చేయించి తగిలించుకున్నారు."

నేను గంభీరంగా తలూపి భూతద్దం తీశాను. మెడ, భుజాలు, మోకాళ్లు అన్నీ తిప్పి చూశాను. కీళ్లు గట్టిగానే ఉన్నాయి. ఆమె జుట్టు చివర నుంచి ఒక చుక్క జారి నా రిపోర్టు కాగితం మీద పడింది. "అయ్యో సారీ," అంటూ వంగి రుమాలుతో అద్దింది. ఆ కాసేపు నేను బొమ్మను చూడలేదు.

"మీరు భూతద్దాన్ని మరీ కంటికి ఆనించేస్తున్నారు," అంది.

"అలవాటండీ."

"అలవాటు కాదు, పవర్. నేను కళ్లద్దాల షాపులో పనిచేస్తాను. రోజూ మీలాంటివాళ్లని చూస్తూనే ఉంటాను."

నాలాంటివాళ్లు రోజూ వస్తారన్న మాటకు నాకెందుకో కాస్త కుళ్లు పుట్టింది. తల దించుకుని రిపోర్టు నింపాను. ఎత్తు, నూట యాభై రెండు మిల్లీమీటర్లు. పాదం కింద ఉండాల్సిన ఫ్యాక్టరీ నంబరు లేదు. ముఖం మీద రంగు మెషీన్‌తో కొట్టినట్టు నున్నగా లేదు, కుంచె గీతలు కనిపిస్తున్నాయి. నంబరు లేకపోవడం, చేత్తో రంగు వేయడం నకిలీ బొమ్మల లక్షణాలు. గుండె రాయి చేసుకుని 'నకిలీ' అని ముద్ర వేశాను.

ఆమె ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. పోట్లాడుతుందనుకున్నాను. పోట్లాడినా బాగుండేది.

"నాన్న అబద్ధం చెప్పరండీ," అని మాత్రం అని, బొమ్మను పెట్టెలో పెట్టుకుని, గొడుగు దానికే పట్టి వెళ్లిపోయింది.

మర్నాడు పిన్ని వాచిన దవడకు చెయ్యి ఆనించుకునే, నేను జరిగింది చెబుతుంటే వింటూ నా రిపోర్టు కాపీ తిరగేసింది.

"ఒరేయ్, ఇటు రా. నకిలీ బొమ్మ ఎలా చేస్తారు?"

"షాపులో కొన్న బొమ్మకి అచ్చు తీసి, ప్లాస్టిక్ పోస్తారు."

"చల్లారితే ప్లాస్టిక్ ఏమవుతుంది?"

"కుంచించుకుపోతుంది. అందుకే నకిలీది రెండు మూడు మిల్లీమీటర్లు పొట్టిగా..."

"నువ్వేమో సరిగ్గా నూట యాభై రెండని రాశావు. అసలు బొమ్మ ఎత్తు రాసి, కింద నకిలీ అన్నావు. కొలిచావా?"

నేను నేల చూపులు చూశాను. తోకచుక్క ఎత్తెంతో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అలా కంఠతా వచ్చిన అంకెనే వేసేశాను. స్కేలు ముట్టుకోనే లేదు.

"ఆ పిల్ల చెప్పింది నిజమైతే అది షాపు బొమ్మలకంటే పొడుగుండాలి. వాటి అచ్చే దాన్నుంచి తీశారు కాబట్టి. ఫ్యాక్టరీ దాటనిదానికి నంబరెందుకుంటుందిరా? వెళ్లి కొలిచి రా. ఇంకో మాట. పాతికేళ్లుగా నా షాపులో సవరణ రిపోర్టు రాయాల్సిన అవసరం రాలేదు. రాస్తే మాత్రం తప్పెలా జరిగిందో ఉన్నదున్నట్టు రాయాలి. క్లబ్బువాళ్లు దాన్ని బొమ్మ పక్కనే పెడతారు."

కళ్లద్దాల షాపు వెతుక్కుంటూ వెళ్లాను. నన్ను చూడగానే ఆమె ముఖం గంటు పెట్టుకుంది.

"మీతో మాట్లాడాలండీ."

"కళ్లు చూపించుకోడానికి వచ్చినవాళ్లతోనే మాట్లాడతాను. కూర్చోండి."

కూర్చున్నాను. బరువైన ఇనుప ఫ్రేమ్ ఒకటి నా ముక్కు మీద పెట్టి, అద్దాలు మారుస్తూ అడిగింది. "ఇది బావుందా? ఇదా?"

అద్దం అటూ ఇటూ అయినప్పుడల్లా ఆమె ముఖం ఒకసారి మసకగా, ఒకసారి స్పష్టంగా కనబడుతోంది.

"రెండూ బావున్నాయండి."

"ఎదురుగా బోర్డు చూడమన్నాను. నన్ను కాదు."

"నిన్న కూడా ఇదే పొరపాటు చేశాను," అన్నాను.

అద్దం పట్టుకున్న ఆమె చెయ్యి ఆగింది. అప్పుడు మొత్తం చెప్పేశాను, కొలవని సంగతి, ప్లాస్టిక్ సంగతి, పిన్ని తిట్టిన సంగతి. ఆమె సొరుగు తీసి అట్టపెట్టె బయట పెట్టింది.

"ఇంటికి తీసుకెళ్లలేదండీ. తీసుకెళ్తే రిపోర్టేదని అడుగుతారు. ఇంకా రాలేదని అబద్ధం చెప్పాను. నాన్నతో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు నేను."

నాకు ఏడుపొచ్చినంత పనయింది. జేబులోంచి కొలత పరికరం తీసి, తోకచుక్కను దాని రెండు ఇనుప దవడల మధ్య నిలబెట్టాను. ఇద్దరం ఒకేసారి వంగాం. తలలు ఢీకొన్నాయి. ఇద్దరిలో ఎవరూ వెనక్కి తగ్గలేదు.

"ఎంత?" అంది ఊపిరి బిగబట్టి.

"నూట యాభై అయిదు." మళ్లీ కొలిచాను. అంతే. "మీ నాన్నగారు నిజమే చెప్పారండీ. ఇది నకిలీ కాదు. మిగతావన్నీ దీని పిల్లలు."

ఆమె కళ్లు నిండాయి. కళ్లు పరీక్ష చేసే మనిషి కళ్లు తుడుచుకోవడానికి రుమాలు దొరక్క నా చొక్కా చెయ్యి పట్టుకుంది.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లాం. వాళ్ల నాన్నగారు టీవీ కట్టేసి నాకు ఎదురుగా కూర్చున్నారు. నేను చేసిన నిర్వాకం విని కోప్పడలేదు. కూతురి వంక చూసి, "రెండు రోజులు ఒక్కదానివే మోశావా అమ్మా?" అన్నారంతే.

సవరణ రిపోర్టు అక్కడే రాయడం మొదలుపెట్టాను. కొలత, కుంచె గీతలు, నంబరు లేకపోవడానికి కారణం, అన్నీ చకచకా సాగాయి. తప్పు జరగడానికి కారణం అన్న చోట పెన్ను ఆగింది. 'పని ఒత్తిడి' అని రాశాను.

"ఆ రోజు ఎంతమంది వచ్చారు బాబూ?" అన్నారు నాన్నగారు కాగితంలోకి తొంగిచూస్తూ.

"ఒక్కరేనండి."

"ఒక్కరికే అంత ఒత్తిడా?"

చెవులు వేడెక్కాయి. దాన్ని కొట్టేశాను. ముప్పై ఏళ్లు నిజం చెప్పి ఎవరూ నమ్మక బాధపడిన మనిషి ఎదురుగా కూర్చుని అబద్ధం రాయలేకపోయాను. ఉన్నదున్నట్టు రాసి, కాగితం ఆయన చేతికిచ్చి, నేల మీద ఎన్ని పలకలున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఆయన కళ్లజోడు సర్దుకుని పైకే చదివారు. "'ఎత్తు కొలవాల్సిన సమయంలో నేను బొమ్మను తెచ్చిన అమ్మాయిని చూస్తున్నాను. అందువల్ల కొలవకుండానే అంకె వేశాను.'"

"ఇది క్లబ్బులో అందరూ చదువుతారా?"

"చదువుతారండి."

"నవ్వుతారేమో బాబూ."

"నవ్వనివ్వండి. మీ పేరైతే పడుతుంది."

ఆయన చాలాసేపు నన్ను చూశారు, కొత్త బొమ్మకు ఎక్కడ రంగు మొదలుపెట్టాలా అని చూసినట్టు. తర్వాత కాగితం కూతురికి అందించారు. "ఇందులో నీ సంగతి కూడా ఉంది. నువ్వూ చూసుకో అమ్మా, తప్పుంటే దిద్దు."

ఆమె చదివింది. నా చేతిలో పెన్ను లాక్కుంది. కింద ఏదో రాసి, సంతకం చేసి, కాగితం నా వైపు తోసి గబగబా లోపలికి వెళ్లిపోయింది.

'బొమ్మను తెచ్చిన అమ్మాయి కూడా ఆ సమయంలో అతన్నే చూస్తోంది. అందుకే కొలవలేదని కనిపెట్టలేకపోయింది. తప్పులో సగం ఆమెది.'

"సగం సగం అన్నమాట," అన్నారు నాన్నగారు. "అయితే రేపు మీ పిన్నిగారిని ఒకసారి ఇటు రమ్మను బాబూ. మాట్లాడుకోవాలి."

శనివారం ప్రదర్శనలో జనం మొదట మా రిపోర్టు దగ్గర ఆగి నవ్వారు. తర్వాత కార్డు దగ్గరికి వచ్చి ఆయన పేరు చదివి, ఆయనతో కరచాలనం చేశారు. కోతలన్న స్నేహితులు కూడా వచ్చారు. ఆయన ఇస్త్రీ చొక్కాలో నిటారుగా నిలబడి, ఆ కనుబొమను ఒక్క గీతలో ఎలా లేపారో గాల్లో వేలితో గీసి చూపిస్తున్నారు. వెనక నిలబడి చూస్తున్న ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఈసారి కళ్లు తుడుచుకోవడానికి కాదు.