గడ్డకట్టే సీసాలు

"రాత్రంతా గడ్డకట్టాలి, పొద్దున తీసి కరగనివ్వాలి, సాయంత్రం మళ్ళీ లోపల పెట్టాలి. అలా ఐదుసార్లండీ."

ఆకివీడు ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్‌గా చేరాక అహరోను ఇంత వింత బేరం వినలేదు.

"కరగబెట్టేదానికి గడ్డకట్టించడం దేనికండీ?"

ఎదురుగా ఆరు గాజుసీసాలతో ప్రసన్నకుమారి. ఉండేది ఆ ఊళ్ళోనే, వట్లూరు కాలేజీలో ఎమ్మెస్సీ చదువుతోంది. రెండువేల ఆరు వేసవి కరెంటు కోతలకు ల్యాబ్‌లో ఫ్రీజర్ చేతులెత్తేసింది. ఇక్కడైతే జనరేటర్ ఉంది.

"ఇది పాలిమర్ కలిపిన నీళ్ళండీ. గడ్డకట్టినప్పుడల్లా లోపలి పోగులు దగ్గరికి జరిగి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. చివరికి జున్నులా అవుతుంది. కాలిన గాయాల మీద వేయడానికి."

"జున్నయితే మా అమ్మ గంటలో చేసేస్తుందండీ."

"అలాగా? ఆవిడే మా గైడ్‌గారైతే బాగుండేది."

అహరోను నవ్వేసి సీసాలు అందుకున్నాడు. నాలుగు రోజులు ఆమె వచ్చే వేళకు తల దువ్వుకుని నిలబడ్డాడు. లారీలకు ఐసు ఎత్తేవాళ్ళు అతన్ని చూసి దగ్గడం మొదలుపెట్టారు.

ఐదోరోజు పొద్దున అతనికి తొందర పుట్టింది. ఆమె వచ్చేలోగా కరిగిపోతే ఎంత సంతోషిస్తుందో అనుకుని సీసాలను జనరేటర్ సైలెన్సర్ పక్కన పెట్టాడు. గంట తర్వాత చూస్తే జున్ను లేదు, చిక్కటి నీళ్ళున్నాయి.

పాలిమర్ పౌడరు అయిపోయిందని, మళ్ళీ హైదరాబాదు నుంచి రావాలంటే నెల పడుతుందని ఆమె చెప్పిన మాట గుర్తొచ్చింది. కరెంటు పోయిందని చెప్పేయొచ్చు. కానీ సాయంత్రం ఆమె మొహం చూశాక అబద్ధం నోట్లోంచి రాలేదు.

"తప్పు నాదేనండీ. ఇప్పుడే హైదరాబాదు బస్సెక్కి పౌడరు తెస్తాను."

ఆమె ఒక సీసా ఎత్తి అటూ ఇటూ వంచింది. మిగిలిన ఐదూ ఒక్కొక్కటిగా వంచి చూసింది. బయట వాన మొదలై రేకుల మీద టపటపలాడింది.

"రసాయనంతో అతికించిన పోగులైతే, ఒకసారి తెగితే మళ్ళీ అతకవు," అంది చివరికి. "ఇవి ఊరికే పట్టుకుని ఉన్నాయి కదా, వేడికి వదిలేశాయి. గడ్డకట్టిస్తే మళ్ళీ పట్టుకుంటాయి."

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదండీ!"

"మీ మొహం చూస్తుంటే చెప్పబుద్ధి కాలేదండీ. ఇంకో ఐదు రోజులు రావాలి మరి."

"ఐదేనా?" నోరు జారింది. ఇక వెనక్కి తీసుకోలేదు. "రోజూ వచ్చినా నాకిష్టమేనండీ."

ప్రసన్న చెవులు ఎర్రబడ్డాయి. గొడుగు విప్పి వెళ్ళిపోయింది. మర్నాడు మాత్రం పది నిమిషాలు ముందే వచ్చింది.

కాలేజీలో ప్రాజెక్టు రివ్యూ రోజున ఆ జున్నులాంటి జెల్‌ను సాగదీస్తే సాగింది, వదిలితే మళ్ళీ ముడుచుకుంది. పాసయింది. ఆ మర్నాడు ఫ్యాక్టరీ గేటు ముందు స్కూటరు ఆగింది. దిగినాయన ఆమె తండ్రి, దేవదానం మాస్టారు.

"ఏం బాబూ, ప్రాజెక్టు అయిపోయింది. ఇక ఐసు ఫ్యాక్టరీలో పనేంటమ్మా అంటే, మిమ్మల్నే అడగమంటోంది."

ఆయన వెనక ప్రసన్న చేపల లారీని ఎన్నడూ చూడనట్టు చూస్తోంది.

అహరోను గొంతు సవరించుకున్నాడు. "ఆదివారం మా అమ్మానాన్నలతో మీ ఇంటికొచ్చి చెబుతానండీ."

మాస్టారు కూతురి వైపు తిరిగారు. "విన్నావా అమ్మా?"

"వినలేదు నాన్నా," అంది ప్రసన్న, లారీ మీంచి చూపు తిప్పకుండా. "ఇంకోసారి చెప్పమనండి."