పాడువెట్టిన ఎనుకిల్లు

అవును బిడ్డా, మానుకోట స్టేషన్ ఎనుక గల్లీల అదే ఇల్లు. పొద్దుగూకినంక ఆ దారిన కుక్క గూడ నడిచేది గాదు...

ఒక్కటే జాగ, రెండిండ్లు. రెండూ మా చెల్లె చంద్రమ్మయే. ఆ కిరాయిల మీదనే బతికింది. అది పోయి దినాలన్న కాలేదు ఇంక — రికార్డు జేసే ఫోను జర దగ్గరికి వట్టు.

ఎనుకింట్ల కిరాయికున్న ముసల్ది మోతీబాయి చచ్చిపోయింది. సచ్చిన నచ్చత్రం మంచిది గాదు, ఆర్నెల్లు ఇల్లు పాడువెట్టాలె, అండ్ల ఎవ్వరు ఉండొద్దు అన్నడు అయ్యగారు. తాళమేసిన్రు. కొన్నొద్దులకు — లోపల దగ్గు వినొస్తుందని మొదలువెట్టిన్రు జనం.

తెలంగాణ కొట్లాట జోరుమీదున్నది. పట్టాల మీద జనం, పోలీసోళ్ల పొగగుండ్లు. ఓ గుండు వడి పక్కోళ్ల కొట్టం కాలిపోయింది. చంద్రమ్మకు బుగులు వట్టింది. బీమాయనను పిలిచింది.

"ముందింటికే బీమా ఉన్నదక్కా. జాగ ఒక్కటైనా ఏ ఇంటిది దానికే. ఎనుకది రాయాలంటె అండ్ల మనుషులుండాలె. ఖాళీ ఇంటికి రాయ, రాసింది గూడ చెల్లదు. పొద్దుగాల వచ్చి చూస్త" అన్నడు.

"నచ్చత్రం మోతీబాయిది. ఇల్లు నాది" అని ఆ రాత్రే చాప, చెంబు వట్టుకోని బైలెల్లింది చంద్రమ్మ.

ముందింట్ల కిరాయికున్న బుచ్చమ్మ అడ్డమొచ్చింది.

"పోకక్కా. పిల్లలున్నోళ్లం, ముసల్దాని దయ్యం మమ్ముల గూడ వడ్తది."

"ముందు నన్ను వట్టనీ. బాకీ కిరాయి అడుగుత."

కరెంటు లేదు. తాళం తీసింది... లోపటి అర్రల — దగ్గు.

 చంద్రమ్మ ఎనుకకు జరగలె.

"ఎవరే నువ్వు?"

"అవ్వా... దీపం ముట్టియ్యకు."

మూలకు ఓ పిల్ల. నెత్తికి చున్నీ, చున్నీకి ఎండిన నెత్తురు. శిరీషనట, కాలేజీల సదువుతదట. కొన్నొద్దుల కింద పట్టాల కాడ లాఠీ దెబ్బ తిని, ఎనుక కిటికీల కెల్లి దూరి దాక్కున్నది. పొగకు వట్టిన దగ్గు ఆగుతలేదు.

అంతల్నే గల్లీల బూట్ల సప్పుడు... తలుపు మీద లాఠీ.

"లోపట ఎవరు?"

చంద్రమ్మ కొప్పు విప్పింది. తలుపు బార్ల తీసి గడప మీద నిలవడ్డది.

"మోతీబాయిని" అని గట్టిగ కేకేసింది. "సచ్చినా ఈడనే ఉంటున్న. ఏం గావాలె?"

టార్చిలైటు కిందవడ్డది. బూట్లు ఉరికినయి — ఓ టోపీ మోరీలనే ఉండిపోయింది. శిరీష నోట్లె చున్నీ కుక్కుకోని నవ్వింది.

పొద్దుగాల బీమాయన వచ్చేసరికి ఎనుకింట్ల పొయ్యి మండుతుంది. చంద్రమ్మ చాయ్ వెడుతుంది, శిరీష గిన్నెలు తోముతుంది. మా మేనకోడలు అన్నది చంద్రమ్మ.

"మనుషులున్నరు. రాస్తనక్కా" అన్నడు బీమాయన. ముందింటి దిక్కు తిరిగిండు. తలుపులు బార్ల తెరిచున్నయి. "మరి గిది?"

రాత్రి ఆ కేక పోలీసోళ్లొక్కరే ఇనలేదు గద.

తెల్లారేసరికి బుచ్చమ్మ, పెనిమిటి, పిల్లలు — ముందింట్ల ఎవ్వరు లేరు.